ఒక్క కాల్ చేసుకుని ఇస్తా

నేను ఒక స్మార్ట్‌ఫోన్ని. మద్రాసు పోయే దారిలో ఓ ఫ్యాక్టరీలో, తలకి నీలం టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. వాళ్ళ సొంత ఫోన్లు లోపలికి తెచ్చుకోనిచ్చేవాళ్ళు కాదు, గేటు దగ్గరే పెట్టి రావాలి. రోజంతా వేరేవాళ్ళ కోసం ఫోన్లు బిగించి, సాయంత్రం తమవి తీసుకుని, ఇంట్లో ఎవరికేమైందో అప్పుడు చూసుకునేవాళ్ళు. నా పుట్టుక గురించి నాకు తెలిసింది అంతే.

మొదట నన్ను కొన్నది తెనాల్లో ఉండే ఓ మందుల కంపెనీ రెప్రజెంటేటివ్. ఆయన నాకు వేలిముద్ర తాళం పెట్టాడు. ఫోటోలకో తాళం, మెసేజీలకో తాళం, నోట్సుకో తాళం. ఇన్ని తాళాల వెనక దాచింది ఏమిటయ్యా అంటే క్రికెట్ స్కోర్లు, హోటళ్ళలో తిన్న దోసెల ఫోటోలు. కొత్త మోడలు రాగానే నన్ను సెకండ్ హ్యాండ్ షాపులో ఇచ్చేశాడు.

ఆ షాపులోనే నన్ను నాంచారయ్య కొన్నాడు. రేపల్లె దగ్గర ఓ ప్రైవేటు స్కూల్లో బస్సు డ్రైవరు ఆయన. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. కాలవ గట్టు వెంబడి ఉన్న ఊళ్ళ పిల్లల్ని పొద్దున ఎక్కించుకుని రావడం, సాయంత్రం దింపి రావడం ఆయన పని. షాపులో అమ్మాయి "లాక్ పెట్టమంటారా బాబాయ్?" అని అడిగితే, "నా దగ్గర దాచుకునేదేముందమ్మా" అన్నాడు. అప్పటికి అది నిజమే.

ఆ తర్వాత ఆయనకి ఏదో అయింది. ఏమైందంటే ఆయనే చెప్పలేడు. ఇంట్లో గొడవల్లేవు, ఒంట్లో జబ్బు లేదు. కూతురు కానుపై, మనవరాల్ని తెచ్చి చేతుల్లో పెట్టినప్పుడు అందరూ ఆయన మొహం చూశారట. ఆయన కూడా తన లోపల చూసుకున్నాడు. అక్కడ ఏమీ లేదు. పిల్ల బరువు మాత్రం తెలిసింది. నవ్వాలి కాబట్టి నవ్వాడు. అన్నం రుచి తెలియడం మానేసింది. బస్సులో పిల్లలు అరుచుకుంటుంటే, ఆ అరుపులు పక్క వీధిలోంచి వచ్చినట్టు వినపడేవి. ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఆయన వీటిని ప్రపంచం మొత్తంలో ఒక్కరికే చెప్పాడు, అదీ నా ద్వారానే చెప్పాడు.

ఆమె గుంటూర్లో మానసిక వైద్యురాలు, సుభాషిణి గారు. నడుం నొప్పికని ఇంట్లో చెప్పి ఆమె దగ్గరికి వెళ్ళాడు. మందు మొదలుపెట్టినప్పుడు ఆమె, "కొన్నాళ్ళు మగతగా ఉంటుంది, బండి తోలొద్దు" అంటే స్కూల్లో సెలవు పెట్టాడు. మళ్ళీ చూసి, ఇంక తోలొచ్చు అన్నాకే తాళాలు పట్టుకున్నాడు. నాంచారయ్యకి టైపు చెయ్యడం రాదు. "బరువుగా ఉన్న రోజున నాకు వాయిస్ మెసేజీ పెట్టండి, పొడుగైనా పర్లేదు" అందామె. ఆ రోజు నుంచి బస్సు ఖాళీగా ఉన్నప్పుడు నన్ను నోటి దగ్గర పెట్టుకుని, గొంతు తగ్గించి మాట్లాడేవాడు. నాకు బాధ తెలియదు. వేలు పెడితే వెలుగుతాను, తీస్తే ఆరిపోతాను. ఆ రోజుల్లో మేమిద్దరం ఇంచుమించు ఒకే జాతి.

ఒక మధ్యాహ్నం స్కూలు షెడ్డులో డ్రైవర్లు భోజనాలు చేసి కూచున్నారు. వాళ్ళలో బాజీ అని ఒకడున్నాడు. నాంచారయ్య కన్నా చిన్నవాడు, చేదోడు వాదోడుగా ఉండేవాడే. ఒకసారి నాంచారయ్య జ్వరంతో పడుకుంటే రెండు రూట్లూ తనే తోలాడు. అతని ఫోను పొద్దున కిందపడి అద్దం పగిలింది.

"అన్నా, ఒక్క కాల్ చేసుకుని ఇస్తా, నీ ఫోనియ్యి" అన్నాడు బాజీ.

నాంచారయ్య జేబులోంచి తీసి ఇచ్చేసి, బస్సు కడగడానికి పంపు దగ్గరికి వెళ్ళాడు. ఫోను అడిగినవాడి చేతిలో పెట్టడమంటే ఇల్లు తెరిచి, తాళం చెవి కూడా ఇచ్చి, ఊరికి పోవడమేనని ఆయనకి తట్టలేదు. చాలామందికి తట్టదు. ఒక్క కాల్ కోసమే కదా అనుకుంటారు.

బాజీ తన బావమరిదితో మాట్లాడాడు. కాల్ అయిపోయింది. బావమరిది దారి తెలీక లొకేషన్ పెట్టమన్నాడని వాట్సాప్ తెరిచాడు. అన్నిటికన్నా పైన 'సుబాసిని డాక్టరు' అని ఉంది. వేలు తగిలి అది తెరుచుకుంటే, వరసగా వాయిస్ మెసేజీలు. మనుషుల బొటనవేలికి ఒక గుణం ఉంది. మనసు వద్దా కావాలా అని ఆలోచించుకునే లోపే అది నొక్కేసి ఉంటుంది.

నాలోంచి నాంచారయ్య గొంతు వచ్చింది.

"మేడమ్, నేను నాంచారయ్యని. నిన్న సాయంత్రం కాలవ గట్టు మీద బండి ఆపి, కాసేపు నీళ్ళ వంక చూస్తా నిలబడ్డా. ఏమీ అనిపించలా. బయ్యం కూడా వెయ్యలా. పిల్లలందరూ దిగిపోయాకే లెండి. మీకు చెప్పమన్నారు గదా, అందుకని చెప్తున్నా."

షెడ్డులో మిగతా ఇద్దరు డ్రైవర్లూ తలలెత్తారు. "ఇదేందిరా?" అన్నాడొకడు. బాజీ మళ్ళీ ఒకసారి పెట్టాడు. అతని మొహం పాలిపోయింది. నిజంగానే భయపడ్డాడు, అందులో నటన లేదు. ఆ భయంలోనే ఆ మెసేజీని బస్సుల ఇన్‌ఛార్జి రాఘవులు గారికి పంపించాడు. పంపించాక, పంపినట్టు కనపడకుండా నాలోంచి చెరిపేశాడు. నాంచారయ్య తడి చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి నన్ను తిరిగి ఇచ్చి, "థ్యాంక్సన్నా" అన్నాడు, ఆయన కళ్ళలోకి చూడకుండా.

నాంచారయ్య గొంతు, నాంచారయ్య నంబరు నుంచే రాఘవులు గారికి చేరింది. ఆయన ప్రిన్సిపాల్‌కి వినిపించాడు. ఆఫీసులో ఇంకెవరో విన్నారు. ఎవరు ఎవరికి పంపారో తెలీదు. తెల్లారేసరికి ఆ మెసేజీ, నాంచారయ్య తోలే నాలుగో నంబరు బస్సు తల్లిదండ్రుల గ్రూపులో ఉంది. ఆ గ్రూపులో నాంచారయ్య కూడా సభ్యుడే. బస్సు ఆలస్యమైతే చెప్పడానికి ఆయన్ని వాళ్ళే చేర్చుకున్నారు.

పొద్దున ఆయన బస్సు దగ్గరికి బయల్దేరబోతుంటే నేను మోగడం మొదలుపెట్టి ఆపలేదు. తెరిచాడు. ఎవరో తెలియని నంబరు నుంచి వచ్చిన మెసేజీ నొక్కాడు. తన గొంతే తనకి వినపడింది. "మేడమ్, నేను నాంచారయ్యని..." చివరిదాకా విన్నాడు. కింద వరసగా మాటలు. ఇలాంటివాడి చేతిలో పిల్లల్ని ఎలా పెడతారు. బస్సుతో సహా కాలవలోకి పోతే ఎవరిది పూచీ. వెంటనే తీసెయ్యాలి. ఒకావిడ మాత్రం "పిల్లలు దిగాక అన్నాడు, సరిగ్గా వినండి" అని పెట్టింది. దాని కింద మళ్ళీ వేరే మాటలు వచ్చి పడ్డాయి.

వాళ్ళ భయం తప్పని నేను అనను. పిల్లలు వాళ్ళవి. కాకపోతే 'పిల్లలు దిగాక' అన్న ముక్క దాకా ఆగి వినడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

స్కూల్లో ప్రిన్సిపాల్ గారు ఆయన్ని కూచోమంది. ఆయన నిలబడే ఉన్నాడు. నేను జేబులో ఉన్నాను.

"మాకు ముందే ఎందుకు చెప్పలేదండీ, నాంచారయ్య గారూ?"

"డాక్టరమ్మ తోలొచ్చని చెప్పింది మేడమ్. తోలొద్దన్న రోజుల్లో తోల్లేదు."

"అది సరే. మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తోలనిస్తారా మేడమ్?"

ఆమె, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి, మేమే కబురు చేస్తాం అంది. ఆయన బస్సు తాళాలు బల్ల మీద పెట్టాడు. అప్పుడు కూడా ఏమీ అనిపించలేదని నాకనిపిస్తుంది. జేబు మీదుగా నాకు తగిలే గుండె ఎప్పటిలాగే కొట్టుకుంది.

ఇంటికొచ్చేసరికి భార్య తిరుపతమ్మ గుమ్మంలో కూచుని ఉంది. పాల కోసం వెళ్తే ఎవరో వినిపించారట.

"నడుం నొప్పన్నావు గదయ్యా" అంది.

"అవును."

"నాకు చెప్పకూడదా? వీధిలో ఎవరిదో ఫోన్లో వినాల్సొచ్చిందే, నీ గొంతు!"

"ఎట్టా చెప్పాలో తెలవలేదు తిరపతమ్మా. నాకే అర్థం కాలా."

ఆమె ఏడ్చింది. ఆయన పక్కన కూచున్నాడు. ఆమె భుజం మీద చెయ్యి వెయ్యాలని ఆయనకి తెలుసు. వేశాడు కూడా. ఆ చెయ్యి అక్కడ ఓ వస్తువులా ఉండిపోయింది.

మర్నాడు బాజీ వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. తనే పంపానని చెప్పాడు.

"నీ మంచికే అన్నా. నువ్వేమన్నా చేసుకుంటావేమోనని బయ్యమేసింది. సారుకైతే ఏదో ఒకటి చేస్తాడనుకున్నా. ఇట్టా ఊరంతా పోద్దనుకోలా."

నాంచారయ్య వాకిట్లోకి వచ్చాడు.

"బయ్యమేస్తే పంపు దగ్గరికి రావాల్సింది బాజీ. నేను అక్కడే ఉన్నా గదా" అన్నాడు. "నువ్వు ఫోనడిగావు. నేను ఫోనే ఇచ్చా."

బాజీ వెళ్ళిపోయాడు. అతన్ని తిట్టి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేదేమో.

ఆ తర్వాతే అసలు ప్రమాదం మొదలైంది. అది ఎవరికీ కనపడలేదు, నాకు తప్ప. నాంచారయ్య డాక్టరుతో మాట్లాడటం మానేశాడు. సుభాషిణి గారి నుంచి మెసేజీ వచ్చేది, ఎలా ఉన్నారు అని. చూసేవాడు. మైకు గుర్తు మీద వేలు పెట్టి పట్టుకునేవాడు. నేను వింటూ ఉండేదాన్ని. ఊపిరి వినపడేది, పక్కింటి మిక్సీ చప్పుడు వినపడేది, మాట మాత్రం వచ్చేది కాదు. వేలు పక్కకి జరిపి కొట్టేసేవాడు. మళ్ళీ కాసేపటికి అదే. ఒక మనిషి రోజూ నోరు తెరిచి మూసుకోవడం నేను చూశాను. మాట్లాడటానికి ఉన్న ఒక్క కిటికీ కూడా వీధిలోకే తెరుచుకుంటుందని తెలిశాక ఎవడు మాట్లాడతాడు?

మందులు కూడా అయిపోయాయి. తెచ్చుకోలేదు. తిరుపతమ్మ ఖాళీ అట్టలు చూసింది. ఆమె చదువుకున్నది కాదు గానీ, మనిషి రోజురోజుకీ పలచబడిపోవడం కళ్ళకి కనపడుతుంది కదా.

"రేపు గుంటూరు పోదాం పద" అంది.

"పోయి ఏం చెప్పాలి? అందరూ విన్నారు గదా."

"ఆమెకి చెప్పుకో. నాకు చెప్పొద్దులే. నేను బయట కూచుంటా."

బస్సెక్కి వెళ్ళారు. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూచున్నారు. ఆయన పేరు పిలిచారు. లేచి, నన్ను జేబులోంచి తీసి ఒక క్షణం చూసి, తిరుపతమ్మ ఒళ్ళో పెట్టాడు. "ఇది నీ దగ్గరుండనీ" అని లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

నేను ఆమె ఒళ్ళో బోర్లా పడుకుని ఉన్నాను. నాకు తాళం లేదని ఆమెకి తెలుసు. భర్త డాక్టరుకి ఏమేం చెప్పుకున్నాడో అంతా నాలోనే ఉందని తెలుసు. ఆమె వేలు నా అంచు మీద ఒకటి రెండుసార్లు కదిలింది. అంతే. తర్వాత కొంగు తీసి నా మీద కప్పేసింది.

పక్కన కూచున్న ఓ పెద్దాయన అడిగాడు. "అమ్మా, మా అబ్బాయి కింద ఎక్కడున్నాడో, ఒక్క కాల్ చేసుకుని ఇస్తా."

తిరుపతమ్మ కాసేపు ఆలోచించింది. ఆయన అవసరం నిజమే.

"నంబరు చెప్పండి, నేనే కలుపుతా" అంది. కలిపింది. స్పీకరు పెట్టి నన్ను తన చేతిలోనే పట్టుకుని ఆయన మొహం దగ్గర ఉంచింది. ఆయన కొడుకుతో మాట్లాడాడు. అయ్యాక ఆమె మళ్ళీ నన్ను కొంగు కిందకి తీసుకుంది. పెద్దాయన ఏమీ అనుకోలేదు. ఆయనకి కావలసింది కొడుకే గాని, నేను కాదు.

లోపల నాంచారయ్య ఏం మాట్లాడాడో నాకు తెలీదు. ఆయన మాటల్లో నాకు తెలియనివి అవే మొదటివి. చాలాసేపు ఉన్నాడు. బయటికొచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తిరుపతమ్మ నన్ను ఆయన చేతిలో పెట్టింది. కింద కొట్లో మందులు తీసుకుని, ఇడ్లీ తిని, బస్సెక్కారు.

తెనాల్లో బస్సు మారేటప్పుడు ఆయన నన్ను కొన్న షాపుకే వెళ్ళి తాళం పెట్టించుకున్నాడు. ఎవరన్నా అడిగితే ఇచ్చే ముందు ఒక్క కాల్ తెర తప్ప ఇంకేదీ తెరుచుకోకుండా బిగించడం కూడా ఆ అమ్మాయి నేర్పించింది. నేర్చుకున్నాడు గానీ, ఆ తర్వాత ఆయన్ని ఫోను అడిగినవాళ్ళే లేరు. గుంటూరు వెళ్ళే రోజున నన్ను ఇంట్లో పెట్టి వెళ్ళేవాడు.

స్కూలు నుంచి కబురు రాలేదు. తోలొచ్చని డాక్టరు రాసిచ్చినా, తల్లిదండ్రులు ఒప్పుకోరని చెప్పారు. ఇప్పుడు రొయ్యల చెరువులకి మేత వేసే వ్యాను తోలుతున్నాడు. ఒక రోజు వేడి టీ నోరు కాలిస్తే గట్టిగా తిట్టాడు. ఆ తిట్టు విని తిరుపతమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, మళ్ళీ లోపలికెళ్ళింది. ఆ ఇంట్లో మంచి అంటే ఇప్పటికి అంతే. అదీ రోజూ కాదు.

నా బ్యాటరీ ఉబ్బింది. వెనక మూత లేచిపోయింది. నిన్న నన్ను షాపులో ఇచ్చేసి చిన్న ఫోను తీసుకున్నాడు. ఆ అమ్మాయి, "లోపలున్నవన్నీ తుడిచెయ్యమంటారా బాబాయ్?" అని అడిగింది.

"తుడిచెయ్యమ్మా. నా ఎదురుగా కాకపోయినా, తుడిచెయ్యి."

నేను ఇప్పుడు సొరుగులో, నాలాంటి పాత ఫోన్ల మధ్య ఉన్నాను. తీరిక చూసుకుని ఇవాళ తుడిచేస్తుందట. ఆయన గొంతు, ఆ ఊపిరి, ఆ కాలవ గట్టు, అన్నీ నాలోంచి పోతాయి. నాకు భయం లేదు, బాధా లేదు. రేపల్లెలో ఎన్ని ఫోన్లలో ఆ మెసేజీ ఇంకా ఉందో ఎవరికీ తెలీదు. ఇప్పుడు దాన్ని ఎవరూ వినడం లేదు. ఎవరూ తుడిచెయ్యనూ లేదు.