ఎర్ర మచ్చ కిందికి

వెండెల్ క్రైడర్ పాత ట్రాక్టర్లు కొని అమ్మేవాడు. కొనడానికి వచ్చినవాడు ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేలోపే, వాడికి అది ఎంత అవసరమో పసిగట్టేవాడు. ఊరికే వచ్చినదాన్ని ఎన్నడూ నమ్మేవాడు కాదు. ఒక చేత్తో ఊరికే ఇచ్చేవాడు రెండో చేత్తో ఏదో లాక్కుంటాడని అతని లెక్క. వ్యాపారంలో ఆ లెక్క తప్పిన గుర్తు లేదు.

అలాంటివాడు ఆ వసంతంలో, బేరం కుదిరింది కదా అని స్ప్రింట్ కారు అనే ఒక పందెం బండి కొన్నాడు. సస్క్వెహానా నది ఒడ్డునున్న మట్టి ట్రాకుకి దాన్ని తీసుకొచ్చిన మొదటి రోజు, లోపల కూర్చుని చాలాసేపు ఏదో తడుముకున్నాడు. పక్క బండి దగ్గర పంది మాంసం శాండ్‌విచ్ తింటున్న కర్టిస్ బ్రుంగార్ట్ చూసి చూసి నోరు విప్పాడు.

"తాళంచెవి పెట్టే కన్నం కోసమా పెద్దమనిషీ? దాని పక్కనే రేడియో కూడా ఉంటుంది, సరిగ్గా చూడు!"

చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు. వెండెల్ చెవులు ఎర్రబడ్డాయి. కర్టిస్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని దగ్గరికొచ్చాడు. ట్రాకులో పాత కాపు. తన బండి తనే నడుపుతాడు, తనే విప్పుతాడు.

"దీనికి తాళం లేదు, స్టార్టరు లేదు, క్లచ్ లేదు, గేర్లు మార్చే పనే లేదు."

"మరేముందయ్యా?"

"ముందు ఇంజను, వెనక చక్రాలు, మధ్యలో గొట్టంలో ఒక ఇనప కడ్డీ. అది నీ కాళ్ళ మధ్యనుంచే పోతుంది, అందుకే బుద్ధిగా కూర్చోవాలి. ఈ మీట లోపలికి తోస్తే రెండూ కలుస్తాయి, బయటికి లాగితే విడిపోతాయి. అంతే కాపురం. వెనకనుంచి ట్రక్కు తోస్తుంది. చక్రాలు తిరిగితే కడ్డీ తిరుగుతుంది, కడ్డీ తిరిగితే ఇంజను లేస్తుంది. ఇంజను తిరుగుతుండగా మీట లోపలికి తోశావనుకో, పళ్ళు రాలతాయి. దానివీ, నీవీ."

ఆ రోజు మొదలు ప్రతి శనివారం కర్టిస్ ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. వెనక ఇరుసు ఒకటే కడ్డీ కాబట్టి రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయని, కుడి టైరు పెద్దది కాబట్టి బండి తనంతట తనే ఎడమకి ఒరుగుతుందని చెప్పాడు. అన్నిటికంటే ముఖ్యమైనది ఇరుసు వెనక మూత కింద ఉంది. మూత విప్పి, నూనె పళ్ళెంలోకి వంపి, ఒకదాని మీద ఒకటిగా ఉన్న రెండు పళ్ళ చక్రాలు చూపించాడు.

"ఇవి జంట. విడదీసి ఇంకోదానితో కలిపితే కుదరవు. పైది కిందికి, కిందిది పైకి మార్చావంటే బండి స్వభావమే మారిపోతుంది. పళ్ళలో తేడా కంటికి ఆనదు, అందుకని..." అంటూ పెయింటు డబ్బాలో వేలు ముంచి ఒక చక్రం మీద ఎర్ర మచ్చ పెట్టాడు. "తడిమట్టి పట్టున్నప్పుడు ఎరుపు పైన ఉండాలి. మట్టి ఎండి జారుతుంటే ఎరుపు కిందికి. మార్చకపోతే చక్రాలు ఉత్తినే గింగిరాలు తిరుగుతాయి, ఇంజను గొంతు చించుకుంటుంది."

"ఇదంతా నాకెందుకు చెబుతున్నావు?" అని అడిగాడు వెండెల్.

"నువ్వు అడిగావు కదా?"

ఆ జవాబు వెండెల్‌కి రుచించలేదు. అడిగితే చెప్పేవాడు వెండెల్ ఎరిగిన లోకంలో లేడు. బదులుగా ఏమడుగుతాడోనని ఎదురుచూశాడు. వేసవి గడిచింది. కర్టిస్ ఏమీ అడగలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. అడగనివాడు పెద్దదేదో దాచుకున్నట్టే అనుకున్నాడు.

పోటీల్లో వెండెల్ బండి నడిపేది గెయిల్ జెర్బీ. ముప్పై దాటిన మనిషి. పగలు పాల ట్యాంకరు తోలుతుంది. అంతకుముందు ఆమెకి బండి ఇచ్చినవాళ్ళంతా డబ్బున్న కుర్రవాడు దొరకగానే దింపేశారు. వెండెల్ బండిలో ఆమె గెలవడం మొదలుపెట్టింది. అక్టోబరు వచ్చేసరికి ఆమె, కర్టిస్ పాయింట్లలో సరిసమానంగా నిలిచారు. ఏడాది మొత్తానికి ఎవరు మొదట నిలిస్తే ఆ బండి ఖర్చు వచ్చే ఏడు తనదని దాణా మిల్లు యజమాని మాట ఇచ్చాడు. మిల్లు పేరు బండి మీదికి రాకపోతే ఇక అమ్మేయడమేనని వెండెల్ ముందే చెప్పేశాడు.

"అమ్మితే నేను మళ్ళీ ట్యాంకరుకే, అంతేగా?" అంది గెయిల్.

"అంతే అమ్మాయ్."

ఆఖరి పోటీ పగటిపూట పెట్టారు. పొద్దున జిగురుగా ఉన్న మట్టి మధ్యాహ్నపు ఎండకి నున్నగా, నల్లగా మెరవసాగింది. చివరి పరుగుకి ముందు కర్టిస్ వచ్చాడు.

"వెండెల్, చూశావా ట్రాకుని? ఎరుపు కిందికి దింపు. నాది నేను మార్చేశాను. ఇది పెద్ద పరుగు, అలాగే ఉంచితే నీ ఇంజను తట్టుకోదు."

వెండెల్ తలూపాడు. కర్టిస్ వెళ్ళిపోయాక నిలబడి లెక్క వేసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఇచ్చినదానికి కర్టిస్ ధర ఇవాళే వసూలు చేస్తున్నాడు. ఒక్క పోటీలో అంతా తేలిపోయే రోజున, తనని ఓడించేవాడికి ఎవడైనా దారి చెబుతాడా? ఈ ఒక్క అబద్ధాన్ని నమ్మించడానికే వేసవంతా నిజాలు చెప్పి ఉంటాడు. తానైతే అదే చేసేవాడు.

మూత జోలికి పోలేదు.

గెయిల్ హెల్మెట్ పెట్టుకుంటూ వచ్చింది. "కర్టిస్ మామ చెప్పాడు. మార్చారా?"

"మార్చాను."

"ఎరుపు కిందికేగా?"

"కిందికే. ఎక్కు, ట్రక్కు వచ్చేస్తోంది."

ఆమె మరి అడగలేదు. సీటులో బిగించి కట్టుకున్నాక డ్రైవరుకి వెనక ఏముందో కనబడదు, బయటివాళ్ళ మాటే ఆధారం. ట్రక్కు తోసింది, ఇంజను లేచింది.

మొదట్లో ఆమే ముందుంది. వెండెల్ తన లెక్కకి తానే మురిసిపోయాడు. సగం దాటాక మలుపుల్లో శబ్దం మారింది. చక్రాలు మట్టిని పట్టకుండా తిరుగుతున్నాయి, ఇంజను కీచుగా అరుస్తోంది. కర్టిస్ బండి ఒక్క తీరున దగ్గరవుతోంది. మూడో మలుపులో ఇంజను పొట్ట పగిలి లోపలి కడ్డీ బయటికొచ్చింది. కారిన నూనె మీద బండి జారి గోడకి కొట్టుకుని పక్కకి ఒరిగింది. గెయిల్ తనంతట తనే బయటికి పాకింది. ఎడమ మణికట్టు మాత్రం విరిగింది.

బండిని లాక్కొచ్చాక, చేతికి కట్టు కట్టించుకోకుండానే ఆమె వెనక మూత దగ్గర కూర్చుంది.

"నేను విప్పుతానమ్మా, నీ చెయ్యి..." అన్నాడు వెండెల్.

"మీరు ముట్టుకోకండి."

కుడిచేత్తోనే బోల్టులు విప్పింది. వేడి నూనె పళ్ళెంలోకి కారింది. పై చక్రం మీద ఎర్ర మచ్చ ఉంది.

గెలిచి వచ్చిన కర్టిస్ కూడా మట్టి మొహంతో అక్కడే నిలబడ్డాడు.

"మార్చలేదని చెప్పి ఉంటే తెలిసి నడిపేదాన్ని. మలుపుల్లో పెడల్ వదిలేదాన్ని," అంది గెయిల్. "మీరు మార్చానన్నారు. శబ్దం విని కూడా మీ మాటే నమ్మాను."

వెండెల్ కర్టిస్ వైపు తిరిగాడు. "నువ్వు నిజమే చెబుతున్నావని నాకెలా తెలుస్తుందయ్యా? ఆమె ఓడితే లాభం నీకేగా!"

"ఓడించాలనే వచ్చాను," అన్నాడు కర్టిస్. "పక్కన పరిగెత్తితేనేగా ఓడించేది? ఇవాళ నేను ఎవర్ని గెలిచానోయ్? గోడకి కొట్టుకున్న బండినా?"

గెయిల్ హెల్మెట్ చంకన పెట్టుకుని లేచింది. మిల్లువాడి మాట గురించి గానీ, వచ్చే ఏడు గురించి గానీ అడగలేదు. కర్టిస్ ఆమెని తన ట్రక్కులో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. వెండెల్ ఒక్కడే బండిని ట్రెయిలరు మీదికి ఎక్కించాడు. ఎప్పుడూ పిలవకుండానే నాలుగు చేతులు వచ్చి పడేవి. ఆ రోజు ఒక్కరూ రాలేదు.

శీతాకాలంలో ఇంజను లేని బండిని ట్రాక్టర్ల వరసలో పెట్టాడు. ఇళ్ళ పైకప్పులు వేసే ఫెటరాఫ్ అనే కుర్రాడు కొన్నాడు. ట్రాకుకి కొత్త. బండి ఎక్కిస్తుంటే వెండెల్ వెనక మూత విప్పి చూపించాడు.

"ఈ ఎర్ర మచ్చ చూడు. మట్టి ఎండినప్పుడు ఇది కిందికి రావాలి. మర్చిపోకు."

కుర్రాడు మచ్చని చూశాడు, తర్వాత వెండెల్‌ని చూశాడు. కళ్ళు కొద్దిగా చికిలించాడు.

"ఇదంతా నాకెందుకు చెబుతున్నారు?"

ఆ చూపు వెండెల్‌కి బాగా తెలుసు. ఆ కళ్ళ వెనక నడుస్తున్న లెక్క కూడా తెలుసు. కర్టిస్‌లా 'నువ్వు అడిగావు కదా' అందామంటే, ఈ కుర్రాడు మచ్చ గురించి అడగను కూడా లేదు.

"సరేలెండి, చూస్తాను," అన్నాడు ఫెటరాఫ్, నమ్మని గొంతుతో. మూత తనే తీసుకుని గట్టిగా బిగించాడు.