214 నంబరు దీపం

టర్కీలోని మా జోంగుల్దక్‌లో బొగ్గు గనిలోకి దిగేవాడు కొక్కేనికున్న తన దీపం తీసుకెళ్తాడు, పైకొచ్చాక మళ్లీ అక్కడే తగిలిస్తాడు. దీపం ఉంటే మనిషి పైనున్నట్టు, కొక్కెం ఖాళీగా ఉంటే కిందున్నట్టు. ఇక్కడి ఆడవాళ్లం బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఇదే లెక్క వేసుకుంటాం.

ఆ పొద్దున గని కూలింది. కేకలు వినగానే నేనూ, మా తమ్ముడు ఇల్హాన్ భార్య గుల్సెరూ చెప్పుల్లేకుండా పరిగెత్తాం. గుల్సెర్‌కి అప్పుడు ఏడో నెల. దీపాల గదిలో ఇల్హాన్ కొక్కేనికి 214 నంబరు దీపం వేలాడుతోంది. పక్కనున్న, వాడి తోటి పనివాడు వెయిసెల్ కొక్కెం ఖాళీ.

"చూశావా పిల్లా? వాడు దిగి ఉండడు."

"మరి ఇంటికి రాలేదేం వదినా?"

"ఏ కాఫీ కొట్లోనో కబుర్లు చెప్తూ ఉంటాడు. వాడి సంగతి నీకు కొత్తా?"

అంతలో తవ్వకాల పెద్ద తహ్సిన్ వచ్చాడు. రెండు సొరంగాలు మూసుకుపోయాయి. ఎడమది ఇల్హాన్‌ది, కుడిది వెయిసెల్‌ది. తవ్వడానికి ఉన్నది ఒక్క జట్టే.

"ఇల్హాన్ పైనున్నాడా అక్కా? కళ్లారా చూశావా, అనుకుంటున్నావా?"

మా భాషలో చూసింది చెప్పే తీరు వేరు, ఊహించింది చెప్పే తీరు వేరు. పసిపిల్లలు కూడా కలిపేయరు. గుల్సెర్ నా మొహంలోకే చూస్తోంది. ఆ చూపు తట్టుకోలేకపోయాను.

"చూశాను. కాఫీ కొట్టు మలుపులో," అన్నాను. ఊహించినట్టు కాదు, చూసినట్టే చెప్పాను.

తహ్సిన్ తన జట్టును కుడివైపు పంపాడు. గుల్సెర్ కళ్లు తుడుచుకుని, "రానీ, ఆయన పని చెప్తా. చిక్కుడు గింజలు ఉడకేసి వస్తా," అంటూ ఇంటికెళ్లింది. నేను వెయిసెల్ భార్య చెయ్యి పట్టుకుని ఆరు గంటలు కూర్చున్నాను. పాపిష్టిదాన్ని, లోపల్లోపల దేవుడికి దండాలు పెట్టుకుంటూనే ఉన్నాను.

మూడింటి బస్సులోంచి వెయిసెల్ దిగాడు. వాణ్ణి చూసి భార్య కుప్పకూలిపోయింది.

"అమ్మ పడిపోయిందని, దిగబోతుంటే గని గేటు దగ్గరే ఫోనొచ్చింది. అట్నుంచటే బస్సెక్కాను," అన్నాడు బిత్తరపోయి. "ఫోను కూడా చచ్చింది. నా దీపమా? ఇల్హాన్‌కిచ్చాను. వాడిది వెలగలేదుగా."

తహ్సిన్ నా వైపు ఒక్కసారి చూశాడు. పలుగులు తీసుకుని అందరూ ఎడమవైపు పరిగెత్తారు. అటు రాయి మెత్తన, రెండు గంటల్లో తమ్ముణ్ణి చేరారు. పైకి తెచ్చాక డాక్టరు చెయ్యి పట్టి చూసి, "ఇంకా వెచ్చగానే ఉన్నాడు. పోయి గంట కూడా అయి ఉండదు," అన్నాడు.

గరిటె చేతిలోనే పట్టుకుని గుల్సెర్ పరిగెత్తుకొచ్చింది. ఏడవలేదు. వాడి మీద పడలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నువ్వు చూశానన్నావుగా వదినా?"