వాన కబురు ముందు ఊరికే

మా ఆయన దాదాపీర్ మా ఊరికి వాతావరణ శాఖ. జీతం లేదు, వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఆయనే అడ్మిన్. తుంపర పడుతుందని పెట్టినా కింద వరసగా బొటనవేళ్లు లేస్తాయి. వాటిని చూసుకుంటూ ఆయన టీ చల్లార్చుకుంటాడు.

అక్టోబరులో ఒక బుధవారం పొద్దున ఆయన ఫోనుకు వాన కబురు వచ్చింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల రేపు సాయంత్రం నుంచి ఉరుములతో జల్లులట. మా చేలో శనక్కాయ చెట్లు పీకి ఆరబెట్టి ఉన్నాయి. కాయ విడగొట్టి మూటలు ఇంట్లో పడితే ఏడాది పంట మాది, లేకపోతే వానది. ఊరికంతా కాయ విడగొట్టే మిషను ఒక్కటే, నరసప్పది.

"ముందు నరసప్పకు ఫోన్ చేయి. గ్రూపులో తర్వాత పెడుదువు" అన్నాను.

"ఊరికి ముందు చెప్పల్ల. నేనొక్కన్నే తెలుసుకోని దాచుకుంటే ఏం బాగుంటాది?" అన్నాడు.

మాట గొప్పదే. గొప్ప మాటలు మా ఇంట్లో సమయం చూసుకుని రావు. పెట్టాడు, వేళ్లు లేచేదాకా కూర్చున్నాడు, ఆ తర్వాత నరసప్పకు ఫోన్ చేశాడు. అప్పటికే ఊరంతా చేసిందట. మా వంతు శనివారం. మొదటి వంతు మసూద్‌ది. మసూద్ ఈయన సొంత తమ్ముడు, చేను మా గట్టుకు అవతలే.

గురువారం మధ్యాహ్నం నేనే మసూద్ చేనికి వెళ్లాను. సగం అయింది కదా, మిషను మాకు కాసేపు వదలమని అడిగాను. అతను భార్య షహనాజ్ వైపు చూశాడు. షహనాజ్ ఆకాశం వైపు చూసింది.

"అన్న చెప్పబట్టే గదా వదినా మేం తొందరపడింది. ఆ మేఘం చూడు. ఇప్పుడు ఆపితే ఈడ ఉండేదంతా నానిపోతాది" అన్నాడు మసూద్.

అందులో అబద్ధం లేదు. అదే నా మంట.

మా దగ్గరున్న ఒక్క టార్పాలిన్ పట్ట ఒక్క కుప్పకే సరిపోయింది. వాన రెండు రోజులు కొట్టింది. ఎండ వచ్చేసరికి కాయ నల్లబడి మొలకలెత్తింది. బూజు పట్టిన ఆకును ఆవు వాసన చూసి ముఖం తిప్పుకుంది. గ్రూపులో మాత్రం అందరూ అన్నకు దండాలు పెట్టారు. ఆయన రెండు మూడు నాకు చదివి వినిపించి, నా ముఖం చూసి ఆపేశాడు.

ఆదివారం మసూద్ ఎండిన కాయలు చిన్న మూట తెచ్చి విత్తనానికి పెట్టుకోమన్నాడు. మా అత్త షంషాద్‌బీ కళ్లు తుడుచుకుంది. "చూస్తివా, నా చిన్నకొడుకు మనసు" అని నాకే చెప్పింది.

సాయంత్రం ఆ కాయలన్నీ వేయించి పళ్లెంలో పోశాను. దాదాపీర్ తల వంచుకుని ఒలుచుకుని తింటున్నాడు.

అత్త గుండె మీద చేయి వేసుకుంది. "విత్తనం వేయిస్తివా? వచ్చే ఏడు ఏం నాటుతారే?"

"మసూద్ నాటుతాడులే అత్తా. వానెప్పుడో మనం చెప్తాం."

ఆయన చేతిలో కాయ పళ్లెంలో వేసేసి బయటికి వెళ్లిపోయాడు. మిగతావి నేను తిన్నాను. కొంచెం మాడాయి.