రికాబు ఎముక

మొరాగ్ బీటన్‌కి చెవుడు వస్తోందని కెనడాలోని ఇన్వర్నెస్‌ ఊళ్లో ఎవరూ అనుకోలేదు. ఆమె స్కూలు బస్సు నడిపేది. కేప్ బ్రెటన్ కొండదారుల్లో ఇంజను రొద పెడుతున్నా, వెనక సీట్లో పిల్లలు ఏం కుట్ర పన్నుతున్నారో ఆమెకి ఇట్టే తెలిసిపోయేది. ఇబ్బందంతా ఇంటికొచ్చాకే. వంటింట్లో ఏ సందడీ లేనప్పుడు, మొగుడు లాకీ ఎదురుగా కూర్చుని మాట్లాడినా పెదాలు కదలడమే కనిపించేది.

"బస్సులో పోకిరీ వెధవల గుసగుసలు వినిపిస్తాయి, కట్టుకున్నవాడి కేక వినిపించదు. నేనంటే మొహం మొత్తిందని చెప్పెయ్యరాదూ?" అన్నాడు లాకీ ఓ సాయంత్రం, బంగాళాదుంపల తొక్క తీస్తూ.

"ఏమన్నావ్?"

"అదిగో, అదే."

మాట తేలిగ్గానే అన్నాడు గానీ, ఆ రాత్రి తన కంచం పట్టుకుని వసారాలోకి వెళ్లి తిన్నాడు. మర్నాడు మొరాగే హాలిఫాక్స్‌లోని చెవి డాక్టరుకి లాకీ చేత ఫోను చేయించింది.

ఆ డాక్టరు పేరు ఒడీల్ కోమో. అక్కడి ఫ్రెంచి వాళ్లయిన అకాడియన్ల మనిషి, పొట్టిగా, హుషారుగా ఉంటుంది. ఒక ఇనుప శ్రుతిదండాన్ని మోగించి చెవి ముందు పట్టుకుంది. మొరాగ్‌కి ఎక్కడో దూరాన ఈగ ఎగిరినట్టుంది. తర్వాత దాని కాడని చెవి వెనకున్న గట్టి ఎముకకి ఆనించింది. అంతే, తలంతా మోగిపోయింది. మొరాగ్ ఉలిక్కిపడి కుర్చీ చేతులు పట్టుకుంది.

"ఇదెక్కణ్ణించి వస్తోంది?"

"మీ పుర్రెలోంచే. ఎముక కూడా శబ్దాన్ని మోస్తుంది. లోపల నరం చక్కగా ఉందండీ. దానికి వెళ్లే దారిలో ఓ ఎముక బిగుసుకుపోయింది. మీరు చెప్పిన బస్సులో రొదకి పిల్లలు గొంతు పెంచుతారు, ఆ రొద మీకు అంతగా చేరదు గనక వాళ్ల మాటలు అందుతాయి."

డాక్టరు అల్మారాలోంచి చిన్న గాజు సీసా తెచ్చి, అందులో ఉన్నదాన్ని నల్లటి గుడ్డ మీద వంచింది. బియ్యపు గింజలో సగం ఉంటుందేమో. గుర్రం జీనుకి వేలాడే రికాబు ఆకారం. రెండు సన్నని కాళ్లు, కింద పాదానికి ఆనే పలక.

"ఇది నిజమైందేనా?"

"ఎవరో మహానుభావులు, మా చదువుల కోసం ఒళ్లు రాసిచ్చారు. వాళ్లది."

మొరాగ్ ఊపిరి తగిలితే ఎగిరిపోతుందేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరో దీంతోనే తల్లి పిలుపు విన్నారు. దీంతోనే ఉరుములు విన్నారు.

"తొడ ఎముకకి బరువు కావాలి," అంది డాక్టరు. "మోసేకొద్దీ గట్టిపడుతుంది. పాతది కరుగుతూ, కొత్తది కట్టుకుంటూ ఎప్పుడూ మరమ్మతులోనే ఉంటుంది. దీని పని మొయ్యడం కాదు, వణకడం. మీరు పుట్టినప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ దాదాపు అంతే. దీన్ని పొదువుకున్న గోడ ఎముక కూడా కదలక మెదలక ఉండాలి. మీకు అక్కడ కొత్త ఎముక పుట్టి దీని పాదాన్ని పట్టేసింది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

మొరాగ్‌కి తల్లి గుర్తొచ్చింది. ఊళ్లో ఆవిడకి పొగరుబోతని పేరు. బడి నుంచి పరిగెత్తుకొచ్చి కబుర్లు చెబుతుంటే, ఆవిడ వెనక్కి తిరక్కుండా రొట్టెల పిండి పిసుకుతూనే ఉండేది.

"మా అమ్మకి," అంది. "మేమంటే ఇష్టం లేదనుకునేదాన్ని."

డాక్టరు ఆ ఎముకని సీసాలో వేసి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

చెవికి మాత్రం మత్తిచ్చి, ఆపరేషన్ మెలకువగా ఉండగానే చేశారు. తల పక్కకి తిప్పి, ముఖం మీద గుడ్డ కప్పారు. లోపల ఏదో లాగుతున్నట్టుంది గానీ నొప్పి లేదు. బిగుసుకున్న రికాబు కాళ్లని తీసేసి, పాదపు పలకలో చిల్లి పెట్టి, గుండుసూది కన్నా సన్నని కడ్డీని అక్కడ నిలబెట్టారు. ఉన్నట్టుండి పళ్లెంలో పనిముట్టు పడిన ఖంగుమన్న మోత. గౌను రాసుకున్న చప్పుడు. ఎవరిదో ఊపిరి.

"మీ బస్సు నంబరెంత?"

"పదిహేడు. అంత గట్టిగా అరవకండి డాక్టర్."

"నేను గుసగుసలాడానండీ."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు కూడా వినిపించింది. మొరాగ్ కన్నీళ్లు ముక్కు మీదుగా దిండులోకి జారిపోయాయి.

"ఏడవచ్చు," అంది డాక్టరు. "తల మాత్రం కదపకండి."

తర్వాత చెవిలో దూది కూరితే లోకం మళ్లీ మూసుకుపోయింది. అది తీసేదాకా, అక్కడ విన్నదంతా తన భ్రమేనేమోనని ఆమెకి లోలోపల బెరుకే. తీసిన రోజున లాకీ కారులో తీసుకెళ్లాడు. తిరుగుదారిలో యాపిల్ కొరుక్కుంటూ నడుపుతున్నాడు.

"ఇంత మోత పెడుతూ తింటావా నువ్వు?"

"పెళ్లయినప్పట్నించీ ఇలాగే తింటున్నా."

ఆమె నవ్వి రేడియో కట్టేసింది. "ఏదైనా మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"వంటింట్లో నేను వినలేదని అలిగావే, అవన్నీ."

లాకీ యాపిల్ పక్కన పెట్టి, పడవ మోటారు ఎందుకు మొరాయిస్తోందో మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె వేలిని చెవి వెనక ఎముక మీద ఆనించి, ఒక్క మాటైనా పోనివ్వకుండా వింటూ కూర్చుంది.