హాజరు పేరు

అన్ని చేలకూ ఒకే రకం ఎరువు అమ్మే కొట్టు ఎన్నాళ్ళు నిలుస్తుంది? భద్రాచలం అడవి అంచున ఉన్న ఆ ఆశ్రమ పాఠశాలలో మాత్రం పిల్లలందరికీ ఏళ్ళ తరబడి ఒకే మాత్ర, ఒకే టానిక్ చెల్లుబాటయ్యాయి. ఈ ఏడు పద్ధతి మారింది. ఒక్కొక్కరినీ పరీక్షించి, ఎవరికేం కావాలో తేల్చి, అదే ఇవ్వాలన్నారు. ఆ బరువు తల్లాడ నుంచి బదిలీ మీద వచ్చిన నర్సు నాగలత మీద పడింది.

కొత్తగా చేరిన ఉదయశ్రీకి ఏం కావాలో మాత్రం ఆమెకు వెంటనే తేలలేదు. వెనక నిలబడి పేరు పెట్టి పిలిస్తే ఆ పిల్ల తిరిగి చూడలేదు. గట్టిగా పిలిచినా అంతే. చెవుడని తేల్చింది నాగలత. చెవిటి పిల్లల హాస్టల్ ఖమ్మంలో ఉంది. అక్కడికి పంపాలని తండ్రికి కబురుపెట్టారు.

కారేపల్లి వైపు లంబాడీ తండా నుంచి పత్తి కూలికి వచ్చిన లచ్చిరాం ఆమె తండ్రి. అతను వచ్చేసరికి పిల్ల గోడ వైపు తిరిగి మట్టిలో గీతలు గీస్తోంది. గేటు దగ్గరే ఆగి మెల్లగా, "ద్వాలీ" అన్నాడు. పిల్ల ఒక్క ఉరుకున వచ్చి అతని లుంగీ పట్టుకుంది.

"ద్వాలి ఎవరు?" నాగలత అడిగింది.

"నా బిడ్డే గదమ్మా."

"మరి ఉదయశ్రీ?"

"గదేందో సారు రాసుకున్నడు."

హెడ్మాస్టరు వెంకటరామారావు నవ్వాడు. "చేర్చుకునేటప్పుడు మంచి పేరు పెడతాం, నాగలతమ్మా. ఇక్కడ రివాజే. చెవులు బాగున్నయిగా, ఖమ్మం తిరుగుడు తప్పింది."

"ఆ పిల్లకు తెలుగు రాదు సార్. ఇక్కడున్నది కోయ పిల్లలు. తన మాట మాట్లాడే మనిషి కావాలి. నేను పరీక్షిస్తే తేలింది ఇదే."

"దవాఖానా సరుకు అడుగు, జల్దీ తెప్పిస్తా. మనుషుల్ని యాడికెళ్ళి తెచ్చేది?"

లచ్చిరాం చేనుకు తిరిగి పోవాలి. పోయే ముందు 'అన్నం తిన్నావా' అని లంబాడీలో ఎట్లా అడగాలో నాగలత అతని దగ్గర నేర్చుకుంది.

సాయంత్రం తన క్వార్టర్ అరుగు మీద ద్వాలిని కూర్చోబెట్టుకుని ఆ ఒక్క మాట అడిగింది. ద్వాలి పకపకా నవ్వి, సరిదిద్దింది. ఆ తర్వాత ఎన్నాళ్ళ నుంచో కట్టి ఉంచిన మూట విప్పినట్టు ఆపకుండా చెప్పుకుపోయింది. 'యాడి' అంటే అమ్మ అని తప్ప నాగలతకు ఒక్క ముక్క తెలియలేదు. ఊఁ కొడుతూ కూర్చుంది. నవ్వాల్సిన చోటా ఊఁ, ఏడవాల్సిన చోటా ఊఁ.

ద్వాలి ఆగి, ఆమె మొహంలోకి చూసింది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని మళ్ళీ గోడ వైపు తిరిగింది.

నాగలత లేచి పోలేదు. పక్కకు జరిగి, తనూ ఆ గోడ వైపే తిరిగి కూర్చుంది.