ఎగరని పిచ్చుక

తెర మీద ఎర్ర బటన్ కనిపించగానే హాల్లో గుసగుసలు ఆగాయి.

"దీని పేరు 'వెళ్ళిపో'," అంది డిజైనర్ మైకులో. "ఇంట్లో దెబ్బలు తినే ఆవిడ సాయం అడగడానికి ఈ సైటుకి వస్తుంది. వెనక అడుగుల చప్పుడు. వెంటనే ఈ బటన్ నొక్కుతుంది. రెప్పపాటులో మా సైటు మాయమై వాతావరణం పేజీ వస్తుంది. ఎండ, గాలి, వాన. భుజం మీంచి ఎవరు తొంగిచూసినా బట్టలు ఆరేయాలా వద్దా అని చూసుకుంటోందనుకుంటారు."

హాలు నవ్వింది, తర్వాత చప్పట్లు కొట్టింది.

వెబ్ డిజైనర్ల సదస్సు ఎక్కడ జరిగినా ఆమె వెళ్తుంది. వెళ్ళొచ్చాక తన సైట్లో నోట్స్ రాస్తుంది. వాటిలో సగం వృత్తి కబుర్లు, సగం ఆమె ఊరికే చేసిపెట్టే మంచిపనుల కబుర్లు. ఒకసారి చూపులేనివాళ్ళ లైబ్రరీ, ఒకసారి రక్తదాతల సంఘం, ఇప్పుడు ఇంట్లో దెబ్బలు తట్టుకోలేక వచ్చే ఆడవాళ్ళు తలదాచుకునే ఈ ఆశ్రయం. దాన్ని నడిపేది ఆమె సొంత పిన్ని. అది ఏ వీధిలో ఉందో బయటివాళ్ళకి తెలియదు, తెలియకూడదు.

మూడో వరసలోంచి ఒక చెయ్యి లేచింది. బూడిదరంగు చొక్కా, శుభ్రంగా దువ్విన తల. మెడలో బ్యాడ్జీ వెనక్కి తిరిగి ఉంది.

"చిన్న సందేహమండీ. వాతావరణం చూడాలనుకున్నవాళ్ళు ఊరి పేరు రాసి వెతుకుతారు. బటన్ నొక్కి వచ్చినవాళ్ళకి ఊరి పేరు రాయకుండానే పేజీ తెరుచుకుంటుంది. ఆ తేడా తెలిసినవాడు పట్టేయడూ?"

మంచి ప్రశ్న. ఇలాంటి ప్రశ్న కోసమే ఆమె సదస్సులకి వెళ్ళేది. "నిజమే, పట్టేయొచ్చు," అంది ఉత్సాహంగా. "ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. నోట్స్‌లో మీ ప్రశ్న రాస్తాను."

"రాయండి," అన్నాడతను, కూర్చుంటూ.

కాఫీ విరామంలో తనే వెతుక్కుంటూ వచ్చాడు. బల్ల మీద ఆమె తెచ్చిన స్టిక్కర్లు కుప్పగా ఉన్నాయి. నీలం గొడుగు బొమ్మ, ఈ సదస్సు కోసం నిన్ననే అచ్చయింది. ఒకటి తీసుకుని వేళ్ళ మధ్య తిప్పాడు.

"మీ నోట్స్ ఒక్కటీ వదలనండి. పోయిన నెల ఈ బటన్ గురించి రాసినవి మా ఇంట్లో బాగా పనికొచ్చాయి."

"అవునా, ఎలా?"

"మా ఆవిడ గడప దాటదు. బజారు పని కూడా నాదే. అలాంటి మనిషికి ఈమధ్య వాతావరణం మీద మహా శ్రద్ధ పుట్టింది." స్టిక్కర్ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "రోజూ చూస్తోంది. ఊరి పేరు కూడా రాయకుండా."

ఆమె చేతిలో కప్పు ఒరిగి కాఫీ సాసర్లోకి పోయింది. తల ఎత్తేసరికి అతను గుంపులో కలిసిపోయాడు. గాజు తలుపుల అవతల, మెట్లు దిగుతూ ఒక్క క్షణం కనిపించాడు. పరుగెత్తడం లేదు. పని అయిపోయి ఇంటికి వెళ్ళేవాడిలా నడుస్తున్నాడు.

పిన్నికి ఫోన్ చేసింది. తియ్యలేదు. ఎవరితోనైనా చాట్లో ఉంటే పిన్ని ఫోన్ కట్టేస్తుంది. బ్యాగు అందుకుని టాక్సీ ఎక్కింది. ప్రతి సిగ్నలూ ఎర్రగానే ఉంది, పైగా ఊరేగింపొకటి అడ్డుపడి చేరేసరికి రెండు గంటలు పట్టింది. అతని ఇల్లు ఎక్కడో ఆమెకి తెలియదు. భార్య ఎవరో తెలియదు. తెలిసే దారీ లేదు. వచ్చినవాళ్ళ ఆనవాలు ఏదీ మిగలకుండా సైటు కట్టింది తనే. అదే గొప్పగా రెండో స్లైడులో చెప్పింది.

పిన్ని ఆఫీసు ఒక కుట్టుమిషన్ల దుకాణం మీద చిన్న గది. ఆశ్రయం వేరేచోట ఉంది, ఇక్కడ చాట్ మాత్రమే. కింద మిషన్ల రొద, పైన పాత కంప్యూటర్, రెండు కుర్చీలు, కిటికీకి మందపాటి తెర.

"వచ్చావా, మహావక్తా," అంది పిన్ని తెర మీంచి చూపు తిప్పకుండా. "తలుపెయ్యి. పిచ్చుక ఈరోజే బయటికొస్తోంది."

పిన్ని ఎవరి పేరూ అడగదు, తనే పెట్టుకుంటుంది. ఈ మనిషి రెండు మాటలు రాసి 'వెళ్ళిపో' నొక్కుతుంది. కాసేపటికి మళ్ళీ వస్తుంది. రెండు గింజలు ముక్కున కరుచుకుని ఎగిరిపోయే రకం. అందుకని పిచ్చుక.

"పిన్నీ, వాళ్ళాయన ఏం పని చేస్తాడు?"

"కంప్యూటర్ పనే, నీలాగే. రెండ్రోజుల మీటింగుట, రేపు సాయంత్రం దాకా రాడుట. అందుకే ఈరోజు." పిన్ని ఆగి, మొదటిసారి ఆమె మొహం చూసింది. "ఏమయిందే?"

చెప్పింది. బటన్ సంగతి, మూడో వరస, కాఫీ, జేబులోకి పోయిన గొడుగు. పిన్ని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంటి గుట్టు లంకకి చేటన్నారు. నువ్వు దానికి మైకు కూడా పెట్టావు."

"తిట్టడం తర్వాత, పిన్నీ. ఆవిడ ఇప్పుడు లైన్లో ఉందా?"

"ఉంది. ఎక్కడికి రావాలో అడుగుతోంది. చెప్పబోతుంటే నువ్వు ఊడిపడ్డావు."

తెర మీద చివరి మాట: *నేను రెడీ. అడ్రస్ చెప్పండి.* దాని పైన ఇంకా చాలా ఉన్నాయి. డిజైనర్ వంగి చదివింది. మాటలు మామూలుగానే ఉన్నాయి. ఆమె చూస్తున్నది మాటల్ని కాదు.

"ఎంతసేపట్నుంచి ఉంది?"

"నేను టీ తాగాను, కప్పు కడిగాను, మళ్ళీ కూర్చున్నాను. అప్పట్నుంచీ."

"మధ్యలో ఒక్కసారైనా బటన్ నొక్కిందా?"

పిన్ని చెయ్యి కీబోర్డు మీంచి లేచింది.

"ఒక్కసారి కూడా లేదు," అంది నెమ్మదిగా. "ఎగరట్లేదు."

"భయపడే మనిషి ఇంతసేపు ఒకేచోట కూర్చోదు, పిన్నీ. ఎవరైనా చూస్తారన్న భయం లేనివాళ్ళు కూర్చుంటారు."

పిన్ని కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అక్షరమే కొట్టింది. *వచ్చేటప్పుడు మీ కుక్క మొరగదు కదా?*

జవాబు వెంటనే వచ్చింది. *మొరగదు. కట్టేశాను.*

"వాళ్ళింట్లో కుక్క లేదు," అంది పిన్ని.

"ఉంది. టైప్ చేస్తోంది."

కింద మిషన్లు ఆగి మళ్ళీ మొదలయ్యాయి.

పిచ్చుక ఫోన్ అతని చేతిలో ఉంది. మరి పిచ్చుక ఎక్కడుంది? ఇంట్లోనా, కార్లో అతని పక్కనా, ఇంకెక్కడైనానా?

"ముందు వాణ్ణి ఇంటికి దూరంగా తోలదాం," అంది పిన్ని. ఊరికి ఆ చివరనున్న పాత బస్టాండు పేరు కొట్టింది. *టికెట్ల కిటికీ పక్కన నిలబడు. ఆకుపచ్చ చీరలో మనిషి వస్తుంది.*

*సరే,* అని వచ్చింది.

"ఇప్పుడు పిచ్చుకకి కబురెలా?" అంది పిన్ని.

సదస్సులో చెప్పని సంగతి ఒకటుంది. వాతావరణం పేజీ కూడా డిజైనర్ కట్టిందే. ఫోన్ చేజారితే ఎక్కడ దొరికిన కంప్యూటర్లోనైనా తెరవమని దాని అడ్రసు ఒక్కటి పిన్ని అందరిచేతా కంఠస్థం చేయిస్తుంది. అందులో ఊరి పేరు రాసే గడిలో ఏం రాసినా ఈ గదిలోకీ, డిజైనర్ ఫోన్లోకీ వస్తుంది.

"ఇంట్లో పాత కంప్యూటర్ ఉందని ఒకసారి అంది," అంది పిన్ని. "లెక్కలు నేర్చుకునేదిట దాంట్లో."

డిజైనర్ కుర్చీ లాక్కుని పేజీలో సూర్యుడి బొమ్మ కింద మాటలు మార్చింది. *ఈ మధ్యాహ్నం వాన లేదు. బయటికి వెళ్ళేవారు ఆలస్యం చేయవద్దు. దారి తెలియనివారు అడగవచ్చు.* మూడోవాడు చదివితే పిచ్చి వాతావరణం పేజీ. చదవాల్సినవాళ్ళు చదివితే చాలు.

తర్వాత ఎదురుచూపు. పిన్ని ముక్కు కింద చెంగు పెట్టుకుని కూర్చుంది. డిజైనర్ గోరు కొరుక్కుంది.

గడిలో ఒక మాట వచ్చింది. *ఫోన్.*

పేజీ మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది. *తీసుకెళ్ళాడు.* మూసుకుంది. తెరుచుకుంది. *ఎటు రాను.* మూసుకుంది.

"ఎగురుతోందే," అంది పిన్ని. "అదే. అదే నా పిచ్చుక."

పిల్లల ఆసుపత్రి వెనక గేటు, తెల్ల కారు అని సూర్యుడి కింద రాసి, చదివిందని తెలియగానే చెరిపేశారు.

ఆసుపత్రి వెనక గేటు దగ్గర మనుషులు పల్చగా ఉన్నారు. మందుల సంచులతో ఒకరిద్దరు, బిడ్డని భుజానేసుకుని తిరిగే తండ్రి. పిన్ని ఇంజను ఆపలేదు. గోడవారగా ఒక చిన్న మనిషి వచ్చింది. తలమీద కొంగు, చేతిలో గుడ్డసంచి. వెనక సీట్లోకి దూరి సంచి ఒళ్ళో పెట్టుకుంది. కారు కదిలింది.

"అమ్మా, మీరేనా?" అంది పిచ్చుక.

"నేనే తల్లీ. కొట్టాడా?"

"లేదమ్మా. అదే భయంగా ఉంది. మీటింగుకెళ్ళిన మనిషి మధ్యలో ఇంటికొచ్చాడు. అన్నం పెట్టమన్నాడు. తిన్నాడు. ఫోన్ చెడిపోయింది, బాగుచేయించుకొస్తానని పట్టుకెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, 'ఇవాళ వాన పడదులే' అన్నాడు."

డిజైనర్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది. అప్పుడు కనిపించింది. పిచ్చుక ఒళ్ళోని గుడ్డసంచి అడుగు అంచున అంటించి, నీలం గొడుగు.

"ఆ సంచి ఎక్కడ పెట్టావమ్మా, ఇంట్లో?"

"బియ్యం డ్రమ్ము వెనక. ఆయన వంటింట్లోకే రాడు."

డిజైనర్ వేలితో చూపించింది. పిచ్చుక సంచి తిప్పి చూసింది. ఏడవలేదు. సంచిని కాళ్ళ దగ్గర, తనకి దూరంగా పెట్టింది.

"తెలిసే వదిలాడు, పిన్నీ," అంది డిజైనర్. "ఈవిడ కోసం కాదు. ఈవిడ వెనకాలే వస్తే ఆశ్రయం దొరుకుతుందని."

"బస్టాండుకి పోలేదన్నమాట."

"పోయుండడు."

పిన్ని అద్దంలోకి చూసింది. వెనక బూడిదరంగు కారు ఒకటి. మధ్యలో ఒక వ్యాను, ఒక స్కూటరు, వాటి వెనక అది. వీళ్ళు తిరిగితే అదీ తిరిగింది.

ఆశ్రయం వీధి వచ్చింది. గేటు పక్కన పిల్లలు బంతాట ఆడుతున్నారు, తల్లి ఎవరో బాల్కనీలో తువ్వాలు దులుపుతోంది. పిన్ని వేగం తగ్గించలేదు, అటు తల కూడా తిప్పలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి సొంత గేటుని ఎవరిదో అన్నట్టు దాటేసింది.

"ఎక్కడికమ్మా?" అంది పిచ్చుక.

"వాడికి ముందే తెలిసిన చోటికి. తెలిసినా ఏమీ చెయ్యలేని చోటికి."

పోలీస్ స్టేషన్ మెట్ల ముందే ఆపింది. బూడిదరంగు కారు నెమ్మదిగా పక్కనుంచి దాటిపోయింది. కిటికీ అద్దం నల్లగా ఉంది.

లోపల డ్యూటీలో ఉన్న పోలీసావిడ మొత్తం విన్నది. మధ్యలో ఒక్కసారే ఆపింది. "కొట్టిన దెబ్బలకి కేసుంది. చూపించమ్మా, రాస్తాను. స్టిక్కర్ అంటించినందుకు కేసు లేదు. అయినా మనిషి దొరకాలిగా. ఇవాళ ఇంటికి పోడు. ఎక్కడ వెతకను?"

డిజైనర్ ఫోన్లో వాతావరణం పేజీ తెరిచే ఉంది. సూర్యుడి కింద ఇంకా మిగిలిన మొదటి మాటలు తీసేద్దామని పట్టుకుంది. ఊరి పేరు రాసే గడిలోకి అక్షరాలు రావడం మొదలైంది. నింపాదిగా, ఎక్కడా ఆగకుండా.

*సూర్యుడి కింద మాటలు మా ఆవిడ ఫోన్లో నేనూ చదివాను. ఈ గడి సంగతి సదస్సులో చెప్పలేదే. బాగా కట్టారు. రేపు మీ రెండో ఉపన్యాసం ముందు వరసలో కూర్చుని వింటాను.*

పేజీ మూసుకోలేదు. అలాగే ఉంది.

ఆమె ఫోన్ పోలీసావిడ ముందు పెట్టింది. పోలీసావిడ చదివి, ఇంకోసారి చదివి, "ఎన్నింటికి?" అంది.

"పొద్దున. రేపటి మొదటి ఉపన్యాసం నాదే."

"వెళ్తారా?"

డిజైనర్ బెంచీ చివర ముడుచుకుని కూర్చున్న పిచ్చుక వైపు చూసింది.

"వెళ్తాను. బటన్ ఈలోపల మార్చేస్తాను. రేపు తెర మీద పాతదే చూపిస్తాను. అతను పాతదే చూస్తూ కూర్చోవాలి."

"ముందు వరసలో మా వాళ్ళుంటారు, మామూలు బట్టల్లో," అంది పోలీసావిడ.

"ముందు వరస కాదండీ," అంది పిచ్చుక. స్టేషన్లోకి వచ్చాక ఆమె నోరు విప్పడం అదే. "పెళ్ళికెళ్ళినా, సినిమాకెళ్ళినా మూడో వరసే. అక్కణ్ణుంచి రెండు తలుపులూ కనపడతాయంటాడు. రెండు తలుపుల దగ్గరా మీరుండాలి."

పోలీసావిడ స్టేషన్ ఫోన్ అందుకుని ఎవరికో హాలు పేరు చెబుతోంది. పిచ్చుక బల్ల మీది డిజైనర్ ఫోన్ తెరనే చూస్తోంది. ఆ పొడుగాటి వాక్యం ఇంకా అక్కడే ఉంది. చెయ్యి చాపి తెర మూల మీద వేలు పెట్టింది, ఎర్ర బటన్ ఉండే చోట. నొక్కింది. అది వాతావరణం పేజీ. అక్కడ బటన్ లేదు.