మీడియం

నాన్న ఊఁ అంటేనే పెళ్లి, లేకపోతే లేదని మనస్విని ముందే చెప్పేసింది. అందుకే ఆ ఆదివారం మధ్యాహ్నం ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతూ దుర్గేష్ చొక్కా మరోసారి లోపలికి దోపుకున్నాడు. ఇద్దరిదీ నాచారంలో ఒకే కంపెనీ. సీసాల మూతలు చేస్తారు. అతను షిఫ్టు సూపర్‌వైజర్, ఆమె క్వాలిటీ సెక్షన్. ఆమె తండ్రి ఉమామహేశ్వర్ సర్కారు ల్యాబులో సైంటిస్టుగా చేసి రిటైరయ్యాడు. కలవడానికి హోటల్ ఆయనే ఎంచాడు.

అక్కడ స్టేక్ తినాలని మనస్విని ఫోన్‌లో చెప్పింది. పెద్ద మాంసం ముక్కను కాల్చి తెస్తారు, కత్తితో కోసుకోవాలి. "మటనే గదా, నాకేం ఫికర్" అన్నాడు దుర్గేష్. కత్తి ఏ చేత్తో పట్టుకోవాలో కూడా చెప్పింది. ఎంత కాల్చాలో మనల్నే అడుగుతారన్న సంగతి మాత్రం చెప్పలేదు.

బల్ల దగ్గర ఉమామహేశ్వర్, ఆయన భార్య మంగతాయారు, మనస్విని ఉన్నారు.

"ఎక్కడుంటారు బాబూ?" అన్నాడు ఉమామహేశ్వర్.

"జవహర్‌నగర్ సార్."

"చెత్త పోస్తారే, అక్కడా?" అంది మంగతాయారు.

"దానికి జర దూరమండి."

"గాలికి దూరమేం అడ్డులే."

"చదువుకుంది కూడా అక్కడేనా?" అన్నాడు ఉమామహేశ్వర్.

"అక్కడ్నే సార్, గవర్నమెంట్ స్కూల్ల."

అప్పుడే వెయిటర్ వచ్చి దుర్గేష్ వెనక నిలబడ్డాడు. "మీడియమా సార్?"

దుర్గేష్ వెనక్కి తిరగలేదు. ఆ ప్రశ్న అతనికి ప్రతి ఇంటర్వ్యూలోనూ ఎదురైందే. "తెలుగు మీడియమే సార్. డిప్లొమాల ఇంగ్లీషుకు మారిన" అన్నాడు.

ముందు ఉమామహేశ్వర్ నవ్వాడు. తర్వాత మంగతాయారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మనస్విని మెనూ మీదికి వంగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

"అతను అడిగింది నీ చదువు గురించి కాదు నాయనా, నీ మాంసం గురించి" అన్నాడు ఉమామహేశ్వర్. "రేర్ అంటే పైపైన కాల్చి లోపల పచ్చిగా వదిలేస్తారు. మీడియం సగం. వెల్‌డన్ పూర్తిగా. తెలిసినవాళ్లు రేరే తింటారు. ఏమంటావ్?"

దుర్గేష్ ఇంట్లో మటన్ అంటే బొక్క నుంచి ఊడేదాకా ఉడకాలి. ఉడకకపోతే తండ్రి హన్మయ్య కంచం తోసేసేవాడు.

"మీరెట్లంటే అట్ల సార్."

"అయితే ఈయనకి రేర్" అన్నాడు ఉమామహేశ్వర్ వెయిటర్‌తో. "మా ముగ్గురికీ వెల్‌డన్. లోపల ఎరుపు కనబడిందో, తిప్పి పంపుతాను."

దుర్గేష్‌కు అర్థమైంది. అయినా మనస్విని చెప్పిన చేత్తోనే కత్తి పట్టుకుని కూర్చున్నాడు. పళ్లెం వచ్చింది. కత్తి పెట్టగానే ఎర్రటి నీళ్లు ఆలుగడ్డ ముద్ద కిందికి పారాయి. అతను నమలకుండా మింగాడు. ముక్క ముక్కకీ నీళ్లు తాగాడు.

"బాగుందా?"

"మస్తుగుంది సార్."

"చాల్లే నాన్నా" అంది మనస్విని. ఆ మాట కూడా నవ్వుతూనే అంది.

పళ్లెం ఖాళీ అయ్యాక ఉమామహేశ్వర్ మూతి తుడుచుకున్నాడు.

"నీకది సయించలేదు. మొహంలో తెలుస్తోంది. అయినా వద్దనలేకపోయావు. రేపు ఎవరేం పెట్టినా తింటావు. అలాంటివాడికి మా అమ్మాయినెలా ఇస్తాను?"

"వద్దంటే ఇస్తుంటిరా సార్?"

ఉమామహేశ్వర్ వెయిటర్‌ని రమ్మని చెయ్యి ఊపాడు.

"ఇచ్చేవాణ్ణి కాదు. ఐస్‌క్రీమ్ తింటావా?"

మనస్విని అప్పటికే ఏ ఐస్‌క్రీములున్నాయో చూస్తోంది.

సాయంత్రం ఆమె దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. నాన్నను ఒప్పిస్తాను, హోటల్ సంగతి ఎవరికీ చెప్పకు. దుర్గేష్ ఎవరికీ చెప్పలేదు. అడిగిన తల్లికి కూడా కడుపు నొప్పి అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కంపెనీ క్యాంటీన్‌లో కంచం పట్టుకుని కూర్చున్నాడు. క్వాలిటీ సెక్షన్ ఉపేందర్ గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"ఏం తెలుగు మీడియం బావా, అన్నం గిట్ల ఉడికితే సాలునా? జర పచ్చిగ పెట్టమంటవా?"

క్యాంటీన్ గొల్లుమంది. నిన్న ఆ బల్ల దగ్గర ఉన్నది నలుగురే. వాళ్లలో ఈ కంపెనీకి వచ్చేది తనూ మనస్వినీ.

దుర్గేష్ ఆడవాళ్ల బల్ల వైపు చూశాడు. మనస్విని టిఫిన్ డబ్బా మీదికి వంగి ఉంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.